కిడ్నీ భయం ఉన్నప్పుడు ఏ యాంటీబయాటిక్? ఎవరికి ఏది, ఎన్ని రోజులు, ఏ పరీక్షతో

ఏ క్రిమి ఉందో, అది ఏ మందుకు లొంగుతుందో చెప్పే కల్చర్ రిపోర్టు చేతికి వచ్చిన రోజున ఇంటివాళ్లకు కొత్త చిక్కు మొదలవుతుంది. కాగితం మీద ఇరవై మందుల పేర్లు, ఒక్కోదాని పక్కన ఎస్ (పనిచేస్తుంది), ఐ (మధ్యస్థం), ఆర్ (క్రిమి లొంగదు) అనే అక్షరాలు. వాటిలో పనిచేసేవి మూడో నాలుగో మిగులుతాయి. "ఇది ఇస్తే కిడ్నీ మీద కొంత ప్రభావం ఉండవచ్చు, అది ఇస్తే ఖర్చు ఎక్కువ" అని డాక్టరు చెబుతారు. ముందు నుయ్యి, వెనుక గొయ్యి అనిపిస్తుంది.

నేను ఆసుపత్రి ఫార్మసీలో పనిచేస్తాను. కేస్ షీట్లు చదవడమే నా రోజువారీ పని. అయినా మూడేళ్ల కిందట మా పిన్ని విషయంలో నేను ఆలస్యంగా మేలుకున్నాను. ఆమె వయసు 66, బరువు 52 కిలోలు. పదేళ్లుగా షుగరు. బీపీకి టెల్మిసార్టాన్, నీరు తీసే మందు కలిసిన మాత్ర వేసుకుంటుంది. చలిజ్వరంతో, మూత్రంలో మంటతో ఒక నర్సింగ్‌హోమ్‌లో చేర్చారు. అమికాసిన్ అనే యాంటీబయాటిక్ ఇంజెక్షన్లు మొదలయ్యాయి. నడుము నొప్పిగా ఉందంటే డైక్లోఫెనాక్ అనే నొప్పి మందు కూడా ఇచ్చారు. మూడో రోజుకు జ్వరం దిగింది, అందరం కుదుటపడ్డాం. ఎనిమిదో రోజున అన్నం వాసన కూడా పడటం లేదని ఫోనులో చెప్పింది. వెళ్లి కేస్ షీట్ తిరగేశాను. చేరిన రోజున క్రియాటినిన్ (రక్తంలోని ఒక మలినం, కిడ్నీ సరిగ్గా వడగట్టకపోతే పెరుగుతుంది) 0.9. ఆ తర్వాతి గడులన్నీ ఖాళీ. ఆ సాయంత్రం పరీక్ష చేయిస్తే 2.8 వచ్చింది. "మూత్రం బాగానే వస్తోంది కదా" అని నర్సు ఆశ్చర్యపోయింది. నిజమే, రోజుకు రెండు లీటర్లు వస్తోంది. అమికాసిన్ దెబ్బ అలాగే ఉంటుంది. మూత్రం ధారగా వస్తూనే ఉంటుంది, అందులో వెళ్లిపోవలసిన మలినాలు మాత్రం రక్తంలో ఉండిపోతాయి.

ఆనాటి నుంచి ఈ విషయాన్ని ఎవరు అడిగినా ఒకటే చెబుతున్నాను. మందు పేరు ఎంత ముఖ్యమో, అది ఎన్ని రోజులు పడింది, ఏ మందులతో కలిసి పడింది, మధ్యలో ఎవరైనా క్రియాటినిన్ చూశారా అన్నవి అంతకన్నా ముఖ్యం. కింద రాసినదంతా మీరు డాక్టరుతో కూర్చుని మాట్లాడటానికే. సొంతంగా మందు మార్చడానికో, సగంలో ఆపడానికో దీన్ని వాడవద్దు. ఒంట్లో పాకిన ఇన్ఫెక్షన్‌కు సరైన మందు పడకపోతే, అదే ఏ ఇంజెక్షనూ చేయనంత వేగంగా కిడ్నీలను దెబ్బతీస్తుంది.

## దెబ్బ తగిలే దారులు

కిడ్నీలు రోజుకు సుమారు 180 లీటర్ల ద్రవాన్ని వడగడతాయి. అందులో దాదాపు అంతా సన్నని గొట్టాల ద్వారా తిరిగి రక్తంలోకి పోతుంది. లీటరున్నరో రెండు లీటర్లో మూత్రంగా బయటికి వస్తుంది. ఇలా నీరు తిరిగి పీల్చుకునే చోటే మందు చిక్కబడుతుంది. జెంటామైసిన్, అమికాసిన్ వంటివి ఆ గొట్టాల కణాల్లోకి దూరి, రోజురోజుకు పోగై, కణాలను చంపుతాయి. కొలిస్టిన్, వాంకోమైసిన్ దెబ్బ కూడా ఈ గొట్టాల మీదే. ఇక్కడ మోతాదు, రోజుల లెక్కే ప్రధానం.

రెండో దారి అలర్జీ లాంటిది. పెన్సిలిన్ జాతి, సెఫలోస్పోరిన్లు, సిప్రోఫ్లాక్సాసిన్, సల్ఫా మందులు, ఇలా దాదాపు ఏ యాంటీబయాటిక్ అయినా కిడ్నీ కణజాలంలో వాపు తేగలదు. దీనికి మోతాదుతో పని లేదు. తగ్గిన జ్వరం వారం పది రోజులకు మళ్లీ రావడం, ఒంటి మీద దద్దుర్లు, రక్తంలో ఈసినోఫిల్స్ అనే ఒక రకం తెల్లకణాలు పెరగడం దీని గుర్తులని పుస్తకాలు చెబుతాయి. కానీ మూడూ కలిసి కనిపించేది పదిమందిలో ఒకరిద్దరికే. అందుకే దద్దుర్లు లేవు కాబట్టి ఇది కాదు అని తోసిపుచ్చకూడదు.

మూడోది స్ఫటికాలు. ఒంట్లో నీరు తక్కువగా ఉన్నప్పుడు సల్ఫా మందులు, సిప్రోఫ్లాక్సాసిన్, నరంలోకి పెద్ద మోతాదులో ఎక్కించే అమాక్సిసిలిన్ గొట్టాల్లో పలుకులుగా పేరుకోవచ్చు.

వీటికి తోడు ఒక ఉత్త బెదిరింపు కూడా ఉంది. కోట్రైమాక్సజోల్ అనే సల్ఫా మందులో కలిసి ఉండే ట్రైమెథోప్రిమ్, కిడ్నీకి ఏమీ కాకపోయినా, క్రియాటినిన్ మూత్రంలోకి వెళ్లే దారిని కొంత అడ్డుకుంటుంది. రిపోర్టులో అంకె కాస్త పెరుగుతుంది, వడపోత మాత్రం మామూలుగానే సాగుతుంది. ఈ సంగతి తెలియక మంచి మందును ఆపేసిన సందర్భాలు నేను చూశాను.

## ముందు తూచవలసినవి

అన్నిటికన్నా ముందు కిడ్నీ అసలు శక్తి ఎంతో తెలియాలి. క్రియాటినిన్ ఒక్క అంకెగా చూస్తే మోసపోతాం. 1976 నుంచి మందుల మోతాదుకు వాడుతున్న కాక్‌క్రాఫ్ట్-గాల్ట్ సూత్రంతో ఒక లెక్క వేసి చూడండి. 140లోంచి వయసు తీసేసి, బరువుతో గుణించి, 72తోనూ క్రియాటినిన్‌తోనూ భాగించాలి. స్త్రీ అయితే వచ్చినదాన్ని 0.85తో గుణించాలి. ముప్పై ఏళ్లు, 75 కిలోలు ఉన్న మగవారికి క్రియాటినిన్ 1.2 ఉంటే కిడ్నీ వడపోత శక్తి నిమిషానికి సుమారు 95 మిల్లీలీటర్లు వస్తుంది. అదే 1.2 ఉన్న 75 ఏళ్ల, 45 కిలోల పెద్దావిడకు వచ్చేది సుమారు 29 మాత్రమే. ల్యాబు కాగితం మీద ఇద్దరి అంకె పక్కనా ఏ ఎర్రగుర్తూ ఉండకపోవచ్చు. కండ తక్కువగా ఉన్న పెద్దవాళ్లలో "క్రియాటినిన్ నార్మలే" అనే మాటను నేను ఎప్పుడూ అక్కడితో వదలను.

తర్వాత, ఇన్ఫెక్షన్ ఎక్కడుంది, ఏ క్రిమి, ఎంత తీవ్రంగా ఉంది. మూత్రాశయంలో మంటకు సరిపోయే మందు రక్తంలోకి పాకినదానికి సరిపోదు.

మూడోది, ఇప్పటికే వాడుతున్న మందులు. మన ఇళ్లలో అసలు ప్రమాదం చాలాసార్లు ఇక్కడే ఉంటుంది. బీపీకి టెల్మిసార్టాన్, లోసార్టాన్, రామిప్రిల్ వంటివి, వాటితో నీరు తీసే మాత్ర, పైన నొప్పి మాత్ర. ఈ మూడూ కలిస్తే కిడ్నీకి రక్తం అందే ఒత్తిడి పడిపోతుంది. జ్వరంతో నీళ్లు తాగని మనిషిలో ఈ కలయిక ఒక్కటే దెబ్బకు చాలు. దాని మీద జెంటామైసిన్ పడితే ఇక చెప్పనక్కరలేదు. ఊళ్లో జ్వరానికి ఒక చేతికి జెంటామైసిన్, ఇంకో చేతికి డైక్లోఫెనాక్ సూదులు పొడిపించుకునే అలవాటు ఇంకా ఉంది. ఆ జంట సూదులు వద్దని నేను గట్టిగానే చెబుతాను.

ఆఖరిది, మధ్యలో పరీక్షలు చేసే వీలుందా అన్నది. రోజు విడిచి రోజు క్రియాటినిన్ చూడగల చోట ధైర్యంగా వాడగల మందును, ఆ వీలు లేని చోట వాడకపోవడమే మేలు.

## జ్వరం లేకుండా మూత్రంలో మంట మాత్రమే ఉంటే

ఇక్కడ ఎంపిక సులువు. గోటితో పోయేదానికి గొడ్డలి అక్కరలేదు.

నైట్రోఫ్యూరాంటోయిన్ మూత్రంలోనే చిక్కబడి పనిచేస్తుంది, కిడ్నీ దెబ్బ చాలా అరుదు. సాధారణంగా ఐదు రోజులు ఇస్తారు. అయితే పై లెక్కలో కిడ్నీ శక్తి 30 కన్నా తగ్గితే వాడకూడదు. కొన్ని దేశాల మార్గదర్శకాలు 45 దగ్గరే ఆగమంటాయి. మందు మూత్రంలోకి చేరక పనిచేయదు, పైగా రక్తంలో నిలిచి నరాలను తిమ్మిరెక్కిస్తుంది. జ్వరం, నడుము పక్కన నొప్పి ఉంటే ఇది చాలదు.

ఫాస్ఫోమైసిన్ మూడు గ్రాముల పొడి, నీళ్లలో కలిపి ఒక్కసారి తాగితే సరిపోతుంది. కిడ్నీ మీద భారం స్వల్పం. మాత్రలు మింగలేని పెద్దవాళ్లకు ఇది నాకు ఇష్టమైన మార్గం.

కోట్రైమాక్సజోల్ చౌక, క్రిమికి పనిచేస్తే మంచి మందే. కానీ పొటాషియం పెంచుతుంది. టెల్మిసార్టాన్, రామిప్రిల్, స్పైరనోలాక్టోన్ వాడేవాళ్లలో ఆ పెరుగుదల గుండె లయను తప్పించేంత దూరం పోవచ్చు. అలాంటివారికి వేరే దారి వెతకాలి. తప్పనిసరైతే మూడు నాలుగు రోజులకే పొటాషియం చూడాలి.

సిప్రోఫ్లాక్సాసిన్‌ను మన దగ్గర చాలా ఏళ్లుగా చేతికందినట్టు వాడటం వల్ల, మూత్రంలో మంటకు ఎక్కువగా కారణమయ్యే ఈ-కోలై క్రిమి చాలాసార్లు దానికి లొంగడం లేదు. కిడ్నీ వాపు అరుదే అయినా, షుగరు మందులు వాడేవారిలో చక్కెర ఒక్కసారిగా పడిపోవడం, మడమ వెనుక స్నాయువు (కండను ఎముకకు కలిపే పట్టీ) దెబ్బతినడం వంటి ఇబ్బందులు ఉన్నాయి. ఉత్త మంటకు దీన్ని నేను ఎంచుకోను.

## చలిజ్వరంతో, మొండి క్రిమితో: అమికాసిన్ లేక మెరోపెనెం

ఎక్కువ ఇళ్లు ఇక్కడే ఆగిపోతాయి. కల్చర్‌లో ఈ-కోలైయో క్లెబ్సియెల్లానో వచ్చి, సెఫ్‌ట్రియాక్సోన్ పక్కన ఆర్ అని ఉంటుంది. మిగిలేవి ఒక పక్క అమికాసిన్, మరో పక్క మెరోపెనెం, ఎర్టాపెనెం.

1963లో వెలుగులోకి వచ్చిన జెంటామైసిన్, దాని తర్వాతి తరంలో వచ్చిన అమికాసిన్ నిజంగా విలువైన మందులు. వేగంగా చంపుతాయి, చౌక, మూత్రంలో బాగా చేరతాయి. వీటి విషగుణం ఒక క్రమంలో నడుస్తుంది. కిడ్నీ గొట్టాల కణాలు ఒక్కసారికి కొంత మందునే లోపలికి తీసుకోగలవు. రోజుకు ఒకే పెద్ద మోతాదు ఇస్తే ఎక్కువ భాగం మూత్రంలో కొట్టుకుపోయి, కణాలకు ఊపిరి పీల్చుకునే వ్యవధి దొరుకుతుంది. అదే మందును రెండు మూడు భాగాలు చేసి ఇస్తే కణాలు రోజంతా పీల్చుకుంటూనే ఉంటాయి. అందుకే ఇప్పుడు చాలామందికి కిలో బరువుకు 15 మిల్లీగ్రాముల చొప్పున అమికాసిన్‌ను రోజుకు ఒక్కసారే ఇస్తారు. పిన్నికి పొద్దున 500, రాత్రి 500 పడింది. 52 కిలోల మనిషికి రోజుకు 780 చాలు.

దెబ్బ సాధారణంగా ఐదు నుంచి ఏడు రోజుల తర్వాత బయటపడుతుంది. కాబట్టి మొదటి రెండు మూడు రోజులు అమికాసిన్ ఇచ్చి, కల్చర్ వచ్చాక వేరేదానికి మారితే ముప్పు బాగా తక్కువ. ఏడో రోజు దాటి కొనసాగించాలంటే గట్టి కారణం ఉండాలి. మందు ఆపితే చాలామందిలో కిడ్నీ కొన్ని వారాల్లో తేరుకుంటుంది. లోపలి చెవికి తగిలిన దెబ్బ మాత్రం చాలావరకు మానదు. చెవిలో హోరు, నడకలో తూలు అని రోగి అంటే ఆ రోజే డాక్టరు చెవిన వేయాలి. మేనమామలకో, అమ్మమ్మకో సూది మందు పడ్డాక చెవుడు వచ్చిందని ఇంట్లో చెప్పుకుంటుంటే, అది ముందే చెప్పండి. తల్లి వైపు నుంచి వచ్చే ఒక జన్యు మార్పు ఉన్నవారికి ఒక్క డోసుకే వినికిడి పోవచ్చు.

మెరోపెనెం, ఎర్టాపెనెం కిడ్నీని దెబ్బతీయడం అరుదు. కిడ్నీ శక్తి తగ్గినవారికి మోతాదు తగ్గించాలి, లేకపోతే తికమక మాటలు, మూర్ఛ రావచ్చు. మూర్ఛకు వాల్‌ప్రోయేట్ వాడేవారికి ఈ జాతి మందులు ఇవ్వకూడదు. రక్తంలో వాల్‌ప్రోయేట్ ఒక్కసారిగా పడిపోతుంది. ఇక ఖర్చు ఎక్కువ, విచ్చలవిడిగా వాడితే రేపు ఇవి కూడా పనిచేయవు.

నా మాట ఇది. నలభై ఏళ్ల లోపు వయసు, మంచి కిడ్నీలు, వాంతులు లేకుండా నీళ్లు తాగగలిగితే కొద్ది రోజుల అమికాసిన్ న్యాయమైన ఎంపిక. అరవై దాటి, షుగరు, బీపీ మాత్రలు ఉండి, క్రియాటినిన్ ఇప్పటికే పైన ఉంటే మెరోపెనెం జాతి ఖర్చు పెట్టదగినది. రోజుకు ఒక్కసారి ఇచ్చే ఎర్టాపెనెం కుదిరితే ఇంటికి త్వరగా వెళ్లవచ్చు కూడా.

## వాంకోమైసిన్, టీకోప్లానిన్, లినెజోలిడ్

చర్మం, ఎముక, రక్తంలో స్టెఫలోకోకస్ అనే మొండి క్రిమి ఉన్నప్పుడు ఈ మూడింటి మధ్య తర్జనభర్జన జరుగుతుంది. వాంకోమైసిన్ 1958 నుంచి వాడుకలో ఉంది. ఎక్కువ మోతాదు, ఎక్కువ రోజులు, ఐసీయూ స్థితి, పక్కన కిడ్నీని దెబ్బతీసే ఇతర మందులు ఉంటే దెబ్బ పెరుగుతుంది. ఒకప్పుడు తర్వాతి డోసుకు ముందు రక్తంలో మట్టం 15 నుంచి 20 ఉండాలని పట్టుబట్టేవారు. 2020 అమెరికా మార్గదర్శకం దాన్ని వదిలి, రోజు మొత్తం మీద రక్తంలో మందు ఎంత ఉందో లెక్కగట్టి 400 నుంచి 600 మధ్య ఉంచమంది. ఆ లెక్క చేయగల ఆసుపత్రిలో వాంకోమైసిన్ మంచి మందు. రక్తంలో మట్టం ఎన్నడూ చూడని చోట రెండు వారాలు ఎక్కించడం నాకు నచ్చదు.

వాంకోమైసిన్‌ను పిపెరాసిలిన్-టాజోబాక్టమ్ అనే మరో యాంటీబయాటిక్‌తో కలిపితే కిడ్నీ పోతుందని చాలా ఏళ్లుగా భయపెట్టారు. 2023లో వెలువడిన అకార్న్ పరీక్షలో సుమారు 2,500 మందికి పిపెరాసిలిన్-టాజోబాక్టమో సెఫెపిమో ఇచ్చి పోల్చారు. వారిలో ఎక్కువమందికి వాంకోమైసిన్ కూడా పడుతోంది. కిడ్నీ దెబ్బలో తేడా కనబడలేదు. సెఫెపిమ్ వైపు మతిభ్రమ, మగత ఎక్కువగా కనిపించాయి. కాబట్టి ఆ జంట పేరు విని హడలిపోనక్కరలేదు, క్రియాటినిన్ మాత్రం చూస్తూ ఉండాలి.

టీకోప్లానిన్‌తో కిడ్నీ దెబ్బ వాంకోమైసిన్‌తో కన్నా తక్కువని పోలిక అధ్యయనాలు చెబుతున్నాయి. మొదటి మూడు డోసులు నిండుగా పడాలి, అక్కడ పొదుపు చేస్తే ఇన్ఫెక్షన్ లొంగదు. లినెజోలిడ్ కిడ్నీని తాకదు, మాత్రగా కూడా దొరుకుతుంది. రెండు వారాలు దాటితే ప్లేట్‌లెట్లు పడిపోవచ్చు, కిడ్నీ బలహీనంగా ఉన్నవారిలో ఇంకా ముందే. మానసిక కుంగుబాటుకు మాత్రలు వాడేవారు ఆ సంగతి తప్పక చెప్పాలి. నిమోనియా, చర్మం ఇన్ఫెక్షన్లకు ఇది బాగా సరిపోతుంది. రక్తంలో, గుండె కవాటంలో ఉన్నదానికి మొదటి ఎంపిక కాదు.

## కొలిస్టిన్ దాకా వెళ్లినప్పుడు

ఇక్కడ ఎంపికలు కొద్ది, ముప్పు పెద్ద. కిడ్నీలకు హాని ఎక్కువని 1970ల్లో దాదాపు పక్కనబెట్టిన మందు ఇది. మెరోపెనెంకు కూడా లొంగని క్రిములు రావడంతో మళ్లీ బయటికి తీశారు. మనిషి కోసం దాన్ని కాపాడుకోవాలని 2019లో కేంద్ర ప్రభుత్వం కోళ్లు, పశువుల మేతలో కొలిస్టిన్ వాడకాన్ని నిషేధించింది. ఈ మందు పడినవారిలో సుమారు మూడో వంతు మందికి కిడ్నీ దెబ్బ కనిపిస్తుంది. దానికి దగ్గరి బంధువైన పాలీమిక్సిన్-బితో కొంత తక్కువ, మోతాదు స్థిరపరచడం కూడా తేలిక. అందుకే రక్తం, ఊపిరితిత్తుల ఇన్ఫెక్షన్లలో నిపుణులు పాలీమిక్సిన్-బి వైపు మొగ్గుతారు. మూత్రంలో మాత్రం అది సరిగ్గా చేరదు, అక్కడ కొలిస్టినే మేలు.

సెఫ్టాజిడిమ్-అవిబాక్టమ్ కిడ్నీకి చాలా నయం. మన దేశంలో విస్తారంగా ఉన్న ఎన్‌డీఎం రకం (మెరోపెనెంను కూడా పనిచేయనివ్వని ఎంజైము ఉన్న) క్రిమికి అది ఒంటరిగా పనిచేయదు, అజ్‌ట్రియోనామ్ జోడించాలి. ఖర్చు భరించగలిగితే ఈ జంట గురించి డాక్టరును అడగండి. భరించలేని ఇంట్లో పాలీమిక్సిన్ వేయించినందుకు ఎవరూ తమను తాము నిందించుకోవద్దు. ఆ ఇన్ఫెక్షన్‌లో ప్రాణం నిలిస్తే, కిడ్నీ చాలాసార్లు తర్వాత కోలుకుంటుంది.

## ఒకే చూపులో

| మందు | కిడ్నీ ముప్పు | దెబ్బ తీరు | కళ్లలో పెట్టుకోవలసినది |
|---|---|---|---|
| జెంటామైసిన్, అమికాసిన్ | ఎక్కువ, రోజులతో పెరుగుతుంది | 5–7 రోజుల తర్వాత, మూత్రం తగ్గకుండానే | క్రియాటినిన్, పొటాషియం, వినికిడి |
| వాంకోమైసిన్ | మధ్యస్థం | మోతాదు, రోజులను బట్టి | రక్తంలో మందు మట్టం |
| టీకోప్లానిన్ | తక్కువ | వాంకోమైసిన్ లాంటిదే, అరుదుగా | మొదటి డోసులు నిండుగా |
| లినెజోలిడ్ | దాదాపు లేదు | లేదు | ప్లేట్‌లెట్లు |
| కొలిస్టిన్ | చాలా ఎక్కువ | మొదటి వారంలోనే | రోజూ క్రియాటినిన్ |
| పాలీమిక్సిన్-బి | ఎక్కువ | అదే తీరు | రోజూ క్రియాటినిన్ |
| మెరోపెనెం, ఎర్టాపెనెం | అరుదు | అలర్జీ తరహా | మోతాదు, మగత, మూర్ఛ |
| కోట్రైమాక్సజోల్ | తక్కువ నుంచి మధ్యస్థం | అలర్జీ, పలుకులు, ఉత్త పెరుగుదల | పొటాషియం |
| నైట్రోఫ్యూరాంటోయిన్, ఫాస్ఫోమైసిన్ | అరుదు | – | నైట్రోఫ్యూరాంటోయిన్‌కు కిడ్నీ శక్తి |

## టీబీ మందులో దాగిన ముప్పు

రిఫాంపిసిన్‌ను ఎవరూ కిడ్నీని దెబ్బతీసే మందుగా అనుకోరు. రోజూ తప్పకుండా వేసుకుంటే కిడ్నీకి ముప్పు అరుదే. కొన్ని వారాలు మానేసి మళ్లీ మొదలుపెట్టినప్పుడే ఒంట్లో తయారైన యాంటీబాడీలు విరుచుకుపడతాయి. వేసుకున్న కొన్ని గంటల్లో చలి, జ్వరం, వాంతులు, నడుము నొప్పి, తర్వాత మూత్రం తగ్గిపోవడం. కొందరికి కొన్నాళ్లు డయాలసిస్ అవసరమవుతుంది. చాలామంది తేరుకుంటారు, కానీ ఆ మందును మళ్లీ జన్మలో ముట్టకూడదు. వారానికి మూడు రోజుల పద్ధతి నుంచి మన టీబీ కార్యక్రమం 2017లో రోజువారీ మాత్రలకు మారింది. రోజూ వేసుకునే పద్ధతిలో ఈ తరహా దెబ్బ తక్కువ. మాత్రలు మధ్యలో ఆగిపోతే దాచుకున్న స్ట్రిప్పు తీసి మింగవద్దు. టీబీ కేంద్రానికి వెళ్లి, ఎన్ని రోజులు ఆగిందో దాచకుండా చెప్పండి. మూత్రం నారింజ రంగులో రావడం మాత్రం ఈ మందుకు సహజం, దానికి భయపడి ఆపకూడదు.

## మీరు ఏ కోవలో ఉన్నారు

షుగరు, బీపీ ఉన్నవారు. యాంటీబయాటిక్‌తో పాటు నొప్పి మాత్ర రాస్తే పారాసిటమాల్‌తో సరిపెట్టవచ్చా అని అడగండి. వాంతులు, విరేచనాలు ఉన్న రోజుల్లో నీరు తీసే మాత్ర, టెల్మిసార్టాన్, మెట్‌ఫార్మిన్ తాత్కాలికంగా ఆపాలా అన్నది కూడా అడగండి. అమ్లోడిపిన్ వాడేవారికి క్లారిత్రోమైసిన్ కలిస్తే బీపీ పడిపోయి కిడ్నీ దెబ్బతినవచ్చు, అజిత్రోమైసిన్‌తో ఆ చిక్కు లేదు.

ముందే కిడ్నీ జబ్బు ఉన్నవారు. శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో, కవిటి, సోంపేట, కంచిలి, మందస మండలాల్లో షుగరూ బీపీ లేని రైతుకూలీలకు కూడా చప్పుడు లేకుండా కిడ్నీలు క్షీణిస్తాయి. అక్కడి జబ్బుకు మూలకారణం ఇంకా తేలలేదు. జీడితోటలో ఎండన పడి చెమటోడ్చి వచ్చిన మనిషికి జ్వరమొస్తే, సూదికి ముందు క్రియాటినిన్ చేయించడం ఒక్కటే నేను కోరేది. పాత రిపోర్టులు ప్లాస్టిక్ సంచిలో వేసుకుని ఆసుపత్రికి తీసుకెళ్లండి. వీరికి జెంటామైసిన్ జాతి ఇక వేరే మందే లేదన్నప్పుడే. అలాగని మందుల మోతాదు మరీ కోసేయడమూ పొరపాటే. మొదటి డోసు సాధారణంగా పూర్తిగానే ఇస్తారు, తగ్గించేది ఆ తర్వాతివి.

డయాలసిస్ మీద ఉన్నవారు. మందు ఏదైనా, డయాలసిస్ ముందా తర్వాతా అన్నదే మొదటి ప్రశ్న. చాలా మందులు యంత్రంలో కొట్టుకుపోతాయి. మిగిలిన కొద్దిపాటి మూత్రాన్ని కాపాడుకోవడం వీరికి ఎంతో విలువైనది.

గర్భిణులు. పెన్సిలిన్, సెఫలోస్పోరిన్ల వైపే ముందు చూస్తారు. అమికాసిన్ వంటివి శిశువు వినికిడికి ప్రమాదం. మొదటి నెలల్లో, ప్రసవం దగ్గరపడ్డాక కోట్రైమాక్సజోల్, నెలలు నిండాక నైట్రోఫ్యూరాంటోయిన్ వాడరు.

పసిపిల్లల తల్లిదండ్రులు. పుట్టిన బిడ్డకు ఇన్ఫెక్షన్ అనుమానంతో ఆంపిసిలిన్, జెంటామైసిన్ ఇవ్వడం ప్రపంచమంతటా ఉన్న పద్ధతి. కొద్ది రోజుల వాడకానికి బెంబేలెత్తవద్దు. వద్దని సంతకం పెట్టి బిడ్డను తీసుకెళ్లడం మరీ ప్రమాదం.

ఇక అందరికీ వర్తించేది గ్యాస్ మాత్ర. మన చీటీల్లో యాంటీబయాటిక్ ఉంటే పాంటోప్రజోల్ పక్కనే ఉంటుంది. అది కూడా అలర్జీ తరహా కిడ్నీ వాపు తేగలదు. యాంటీబయాటిక్ ఆపినా క్రియాటినిన్ దిగకపోతే ఆ చిన్న మాత్ర మీద కూడా అనుమానం పెట్టాలి. అసలు అవసరమా అని మొదటి రోజే అడగవచ్చు.

## వాడుతున్నప్పుడు ఏం చూడాలి

మొదలుపెట్టక ముందు ఒక క్రియాటినిన్, పొటాషియం ఉండాలి. అమికాసిన్, జెంటామైసిన్, వాంకోమైసిన్ అయితే రెండు మూడు రోజులకోసారి, కొలిస్టిన్, పాలీమిక్సిన్ అయితే రోజూ. రెండు రోజుల్లో 0.3 పెరిగినా, వారంలో మొదటి అంకెకు ఒకటిన్నర రెట్లు అయినా కిడ్నీకి దెబ్బ తగిలినట్టే. 2012 నుంచి ప్రపంచమంతా వాడుతున్న కొలత ఇది. 0.7 ఉన్నది 1.1కి వస్తే అంకె ఇంకా "నార్మల్" గడిలోనే ఉంటుంది, కానీ దెబ్బ మొదలైంది. ఇది నర్సుకూ డాక్టరుకూ గుర్తు చేయడానికి మొహమాటపడవద్దు.

మూత్రం తగ్గడం, ముఖం, కాళ్లు ఉబ్బడం, ఆకలి చచ్చిపోవడం, తగ్గిన జ్వరం దద్దుర్లతో తిరిగి రావడం, చెవిలో హోరు. వీటిలో ఏది కనిపించినా ఆ రోజే చెప్పాలి. నీళ్లు తాగించడం మంచిదే కానీ గుండె జబ్బు, ఒంట్లో వాపు ఉన్నవారికి ఎంత అన్నది డాక్టరే చెప్పాలి. స్కానింగ్‌కు రంగు మందు ఎక్కించవలసి వస్తే, ఏ ఇంజెక్షన్లు నడుస్తున్నాయో ఆ గదిలోనూ చెప్పండి.

అంకె పెరిగితే వరుస ఇది. మొదట నొప్పి మందులు ఆపించడం, ఒంట్లో నీరు సరిచేయించడం, తర్వాత అదే క్రిమికి నయమైన మందు ఉందా అని చూడటం. ఉంటే ఖాళీ లేకుండా దానికి మారాలి. లేకపోతే మోతాదు సరిచేసి కొనసాగించాలి. అలర్జీ వాపు అనుమానమైతే కిడ్నీ వైద్యుడు మూత్ర పరీక్ష, ఒక్కోసారి సూదితో ముక్క తీసే పరీక్ష చేస్తారు, కొందరికి స్టెరాయిడ్ ఇస్తారు. ఇలా దెబ్బతిన్న మందు పేరును పాత చీటీ వెనుకైనా సరే పెద్ద అక్షరాలతో రాసి ఉంచుకోండి.

ఇంటికి వచ్చాక పని అయిపోలేదు. వారం గడిచాక ఒకసారి, తర్వాత మూడు నెలలకు క్రియాటినిన్, మూత్రంలో ప్రొటీన్ చూడాలి. మా పిన్నికి అమికాసిన్, డైక్లోఫెనాక్ ఆపి ఎర్టాపెనెం ఇచ్చారు, డయాలసిస్ దాకా వెళ్లలేదు. రెండు వారాలకు 1.9, ఐదు వారాలకు 1.3, మూడు నెలలకు 1.1. మళ్లీ 0.9కి రాలేదు. ఆమె పర్సులో ఇప్పుడు నాలుగు మడతల కాగితం ఒకటి ఉంటుంది. దాని మీద ఆ అంకెలు, తేదీలు, రెండు మందుల పేర్లు ఎర్ర సిరాతో ఉంటాయి. కిందటి నెల పంటి డాక్టరు నొప్పి మాత్ర రాయబోతే ఆమే ఆ కాగితం తీసి బల్ల మీద పెట్టింది.